గోదారి చివర నీళ్ళ రుచి: కోనసీమలో నాలుగు రోజులు

మాది తెలంగాణలో ధర్మపురి దగ్గర పల్లె. చిన్నప్పట్నుంచి గోదావరి అంటే నాకు మెట్లు, ఇసుక, ఎండాకాలం రాళ్ళ మధ్య మిగిలే మడుగులు, అంతే. ఈ నది చివరికి వెళ్ళి ఏం చేస్తుందో బడిలో చదవడమే గానీ చూసింది లేదు. ఆఫీసులో నా పక్క సీటు అతనిది అమలాపురం అవతల ఉప్పలగుప్తం మండలం. 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటుతుంటే వాళ్ళ నాన్నగారికి ఫోన్ కలవక తెల్లార్లూ నిద్రపోలేదు, పొద్దున కలిసిన ఫోన్లో ఆయన అన్న మొదటి మాట "ఇల్లు బానే ఉందిరా, చేను పడుకుంది" అని. ఆ మాట నన్ను వదల్లేదు. రెండు వారాల తర్వాత వాడు ఊరెళ్తుంటే నేనూ బయల్దేరా. తిరిగొచ్చి నాలుగైదు రోజులైంది, మర్చిపోకముందే రాసి పెడుతున్నా.

నవంబర్ 15, శనివారం: ధవళేశ్వరం, గన్నవరం, అంబాజీపేట

బ్యారేజీ దగ్గర దిగి ఒక గంట నిలబడ్డాం. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తి చేసిన ఆనకట్ట స్థానంలో తర్వాత కట్టింది ఇది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలు, మధ్యలో లంకలు. ఇక్కణ్ణుంచి మూడు కాలువ వ్యవస్థలు విడిపోయి దాదాపు 10 లక్షల ఎకరాలకు నీళ్ళు వెళ్తాయి. గట్టు మీద టీ కొట్లో దేవుళ్ళ పటాల వరసలో కాటన్ ఫోటో కూడా ఉంది, దానికీ బొట్టు పెట్టారు.

ఏ ఊరని అడిగాడు టీ కొట్టాయన. చెప్పగానే "అయితే మీరు మా పైవాళ్ళన్న మాట" అన్నాడు. 2022 జూలై గురించి మాట వచ్చింది. ఆ నెలలో మా దిక్కు కడెం ప్రాజెక్టు గేట్ల మీంచే నీళ్ళు దూకాయి, మేం సామాను గుడి మెట్ల మీదకి చేర్చుకున్నాం. అవే నీళ్ళు కిందకెళ్ళి భద్రాచలంలో 71.3 అడుగులు ఎక్కాయి, ధవళేశ్వరం వచ్చేసరికి 25 లక్షల క్యూసెక్కులు దాటేశాయి. "అంతకన్నా పెద్దది 86లో చూశామండి, కానీ అది ఆగస్టండి. పెద్ద వరదంటే ఆగస్టులోనే రావాలి. జూలై నడిమికి అంత గోదారి నా ఎరికలో లేదండి, నారుమళ్ళు అప్పుడే పోసి ఉన్నాయి, లంకల్లో అరటి ఇంకా గెల వెయ్యలేదు, ఆయ్" అన్నాడు. నీళ్ళు ఎన్ని వచ్చాయన్నది కాదు, ఎప్పుడు వచ్చాయన్నదే ఆయన బాధ. తర్వాత మూడు రోజులూ ఎవర్ని కదిపినా ఇదే మాట వేరే వేరే రకాలుగా విన్నాను.

పి.గన్నవరం దగ్గర డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టిన అక్విడెక్టు మీంచి వెళ్ళాం. కింద నది పాయ, పైన కాలువ, దాని పక్కనే పాతకాలపు అక్విడెక్టు. నది మీద ఇంకో నదిని నడిపించినట్టుంది. అడిగినవాళ్ళకి లేదనకుండా అన్నం పెట్టిన మనిషి పేరు కాలువకి పెట్టడం నాకు చాలా నచ్చింది.

అంబాజీపేటలో పొట్టిక్కలు తిన్నాం. నాలుగు పనసాకులు పుల్లలతో గుచ్చి బుట్టలా చేసి అందులో ఇడ్లీ పిండి పోసి ఉడికిస్తారు, ఆకు విప్పుతుంటే ఒక పచ్చి వాసన వస్తుంది, అది చట్నీ కన్నా ముందు ముక్కుకి తగులుతుంది. రెండు పొట్టిక్కలు 50 రూపాయలు. బుట్టలు కుడుతున్న పెద్దావిడ చేతులు ఆపకుండానే చెప్పింది, గాలికి పనసచెట్టు కొమ్మలు విరిగిపోయి ఆకు దొరకట్లేదంట, పక్క ఊరి నుంచి మోపు కొనుక్కొస్తోందంట. తుఫాను నష్టం లెక్కల్లో ఇలాంటివి ఎవరు రాస్తారు?

నవంబర్ 16, ఆదివారం: ఉప్పలగుప్తం వైపు, చేలో

బాబాయిగారు (మా వాడి నాన్న) పొద్దున్నే పంచె పైకి కట్టి, "రండి బాబూ, ఎండెక్కితే మీరు తట్టుకోలేరు" అని ముందు నడిచారు. ఇక్కడ నాకన్నా ముప్పై ఏళ్ళు పెద్దాయన కూడా నన్ను మీరు అనే అంటాడు, రెండో రోజుకి గానీ అలవాటు కాలేదు.

ఆయనకి సొంతం ఎకరంన్నర, ఇంకో మూడెకరాలు కౌలు. సార్వాకి, అంటే వానాకాలం పంటకి, ఎకరానికి 13 బస్తాలు శిస్తు కొలవాలి, బస్తా అంటే 75 కేజీలు. చేను పండినా పండకపోయినా ఆ కొలత మారదు. నేను చేను పడుకోవడం అంటే ఊహించుకున్నది వేరు, చూసింది వేరు. దువ్వెనతో ఒక పక్కకి దువ్వినట్టు మొత్తం చేను పడమర వైపు వాలి ఉంది, కింద ఇంకా తడి. ఒక కంకి పైకి లేపి చూపించారు. పైన గింజ బంగారంలా ఉంది, మట్టికి ఆనుకున్న వైపు గింజ నల్లబడింది, నాలుగైదు గింజల్లోంచి తెల్లటి మొలక బియ్యపు గింజంత పొడుగు బయటకి వచ్చింది. ఆయన ఆ మొలకని గోరుతో తుంచి అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశారు. "విత్తనానికైతే ఎంత బాగా మొలిచిందో అనుకునేవాళ్ళం" అన్నారు.

పడిన చేను కొయ్యడానికి టైర్ల మిషన్ దిగబడిపోతుంది, చైన్ మిషన్ పిలవాలి. నిలబడ్డ చేను ఎకరం ఒక గంటలో అయిపోయేది, పడ్డది రెండున్నర మూడు గంటలు. గంటకి మూడున్నర వేలు. బాగుంటే 32 బస్తాలు వచ్చే చోట ఈసారి 18 అయితే గొప్ప అన్నారు. ప్రభుత్వ మద్దతు ధర 2025-26కి సాధారణ రకానికి క్వింటాకి 2,369, అంటే బస్తాకి దాదాపు 1,777 రూపాయలు, కానీ అది తేమ 17 శాతం లోపు ఉంటేనే. అక్కడికి రోడ్డు పొడవునా ధాన్యం ఎందుకు పోసి ఉందో అర్థమైంది. రోడ్డు వాళ్ళ కళ్ళం అయిపోయింది, బైకులు పక్కకి తప్పుకుని వెళ్తున్నాయి, ఎవరూ విసుక్కోవట్లేదు. ఒక చోట ఆడవాళ్ళు కాళ్ళతో గింజలు దున్నుతూ నడుస్తున్నారు, ఆరడానికి. మబ్బు పడితే చాలు అందరూ పరుగెత్తుకొచ్చి బరకాలు కప్పేస్తారు, నేనున్న పూటలోనే మూడు సార్లు కప్పి తీశారు, నేనూ ఒక అంచు పట్టుకున్నా.

తుఫాన్లు కొత్తవా అని అడిగితే బాబాయిగారు గట్టిగా కాదన్నారు. 1996 నవంబర్ 6 నాటి గాలి ఆయనకి నిన్నటిలా గుర్తుంది, తెల్లారి చూస్తే కొబ్బరి తోటల్లో ఆకాశం కనపడిందంట. "తుఫాను మాకు చుట్టం లాంటిదే బాబూ. కానీ మిగతావన్నీ ఒక లెక్కలో ఉండేవి. ఏరువాక పున్నానికి కాలవ నీరు, ఆరుద్రలో ఊడ్పులు, స్వాతికి వెన్ను వంగేది. ఇప్పుడు వాన మఖలో మానేసి కోతలప్పుడు వస్తోంది. వచ్చినా నెల వాన ఒక్క రాత్రి కురుస్తోంది." మొంథా వచ్చింది స్వాతి కార్తెలోనే. వాళ్ళు వేసేది ఎక్కువగా స్వర్ణ, మార్టేరు పరిశోధనా స్థానం 1982లో ఇచ్చిన ఎంటీయూ 7029, నోటితో అయితే "డెబ్బై ఇరవైతొమ్మిది". ఐదు నెలల పంట. జూన్ మొదట్లోనే నారు పోస్తే తుఫాన్ల లోపు ఒడ్డెక్కుతుంది, కాలవ నీళ్ళు చివరి ఊళ్ళకి రావడం ఒక్క పదిహేను రోజులు ఆలస్యమైతే మొత్తం లెక్క తుఫాను నోట్లోకి వెళ్తుంది. వాళ్ళ నాన్నగారి కాలంలో అక్కుళ్ళు, కృష్ణకాటుకలు అని పొడుగు రకాలుండేవట, దిగుబడి సగమే గానీ మోకాలి లోతు నీళ్ళలో కూడా తల పైకెత్తుకుని ఉండేవట. ఇప్పుడు ముంపు తట్టుకునే 1061, 1064 లాంటివి మార్టేరు నుంచే వచ్చాయి, వాటికి మారదామంటే కౌలు చేసేవాడు ఒక్క పంట కూడా ప్రయోగం చెయ్యలేడు. 2011లో ఇదే కోనసీమ రైతులు గిట్టుబాటు లేదు, మురుగు పోవట్లేదు అని సార్వా మొత్తం వెయ్యడం మానేసి క్రాప్ హాలిడే ప్రకటించారు. దేశమంతా వచ్చి చూసి వెళ్ళింది. మురుగు కాలవల్లో గుర్రపు డెక్క మాత్రం ఇవాళ్టికీ నేను కళ్ళారా చూశా, కాలవ కనపడదు, పచ్చటి తివాచీలా ఉంటుంది.

తిరిగొచ్చేటప్పుడు ఆయన బోదె (చేలోకి నీళ్ళు తెచ్చే చిన్న కాలవ) దగ్గర వంగి, వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నారు. ఉమ్మేసి "పర్లేదు, ఇంకా రాలేదు" అన్నారు. ఏంటి బాబాయిగారూ రాలేదు అంటే, ఉప్పు. వేసవిలో గోదారి తగ్గాక సముద్రం మురుగు కాలవల గుండా ఎగదన్నుతుంది, ఇప్పుడైతే దాళ్వా (రెండో పంట) నారు పొయ్యాలా వద్దా అనేది కూడా ఆ వేలితోనే తేలుస్తారంట. ఒకప్పుడు ఈ రుచి చూసే పని మార్చిలో మొదలెట్టేవాళ్ళు. ఇప్పుడు నవంబర్లోనే.

భోజనం గురించి చెప్పకపోతే పిన్నిగారికి అన్యాయం చేసినట్టే. కార్తీకం కాబట్టి ఇంట్లో నీచు లేదు. కంద బచ్చలి కూర ఆవ పెట్టి, పనసపొట్టు, కొబ్బరి పచ్చడి, గడ్డ పెరుగు. నాకు పులుపు ఎక్కువ కావాలని ఎవరు చెప్పారో గానీ నాకోసం విడిగా చింతకాయ పచ్చడి. వద్దంటే వినరు, ఆకు మూసేదాకా వడ్డిస్తూనే ఉంటారు. ఆ బియ్యం కిందటేడాది సొంత చేలోవి. ఈ ఏడు తినడానికి కొనుక్కోవాలేమో అని ఆవిడ వడ్డిస్తూ మామూలుగా అన్నారు, నా ముద్ద గొంతులో ఆగింది.

నవంబర్ 17, సోమవారం: కేశనపల్లి, అంతర్వేది

చివరి కార్తీక సోమవారం, దారిలో ప్రతి శివాలయం దగ్గరా జనం. మలికిపురం దాటి కేశనపల్లి వైపు తిరిగాక నాకు మాట రాలేదు. కోనసీమ అంటే ఫోటోల్లో చూసే కొబ్బరి చెట్లు కదా, ఇక్కడ తలల్లేని చెట్లు. మొవ్వు ఎండి రాలిపోయి, బూడిద రంగు మొండేలు వరసగా, స్తంభాలు పాతినట్టు. కొన్నింటికి రెండు మట్టలు కిందకి వేలాడుతున్నాయి. శంకరగుప్తం డ్రెయిన్ పొడవునా ఇదే.

అక్కడ ఒక రైతు తన తోటలోకి తీసుకెళ్ళాడు. ఎకరానికి అరవై డెబ్బై చెట్లుంటాయి, ఆయనకి మిగిలినవి వేళ్ళ మీద లెక్క. సముద్రపు ఒడ్డునే పెరిగే చెట్టుకి ఉప్పేం చేస్తుందని నేను అడిగాను, తెలియకే అడిగాను. ఆయన ఓపిగ్గా చెప్పాడు: "ఇసకలో అయితే ఉప్పునీరు వస్తాది, పోతాదండి. ఇక్కడ పోటుకి డ్రెయిన్లోంచి ఎక్కిన నీరు పాటుకి దిగట్లేదండి, పూడిక వల్ల. వేరు నెలల తరబడి అందులోనే నానుతాది. ఈ చెట్లు మా తాత వేసినవండి, మా చెల్లి పెళ్ళి ఈ కాయల మీదే చేశాను." తెల్లదోమ, నల్లి వచ్చినా ఓర్చుకున్న తోట ఇది. పైగా కాయ రేటు ఎప్పుడూ లేనంత ఉన్న ఏడాదిలో ఆయన దగ్గర కాయ లేదు. వెళ్ళేటప్పుడు మాకు తాగడానికి బొండాలు కొట్టించబోతే మా వాడు వద్దని చేతులు పట్టుకున్నాడు. ఆయన ఒప్పుకోలేదు, పక్క తోట నుంచి తెప్పించాడు. ఇచ్చిన డబ్బులు తీసుకోలేదు.

అంతర్వేదిలో నరసింహస్వామి దర్శనం అయ్యాక అన్నాచెల్లెళ్ళ గట్టు దాకా నడిచాం. గోదావరి పాయ వశిష్ట సముద్రంలో కలిసే చోటు. మట్టి రంగు నీళ్ళు ఒక పక్క, నీలం ఒక పక్క, మధ్యలో గీత గీసినట్టు నురగ. నేను వంగి నీళ్ళు నోట్లో వేసుకున్నా, మా ఊరి గోదావరి రుచి ఎక్కడైనా తగులుతుందేమోనని. ఉప్పు, ఉత్త ఉప్పు.

పల్లిపాలెంలో చేపలు ఎండబెడుతున్న ఒకావిడ దగ్గర కూర్చున్నాం. ఇక్కడివాళ్ళకి క్యాలెండర్ తిథి. అమావాస్యకీ పున్నానికీ పోటు పెద్దది, అష్టమికి చిన్నది, దాన్నిబట్టి వల, దాన్నిబట్టి ఇంటి ముందు సామాను. "ఇప్పుడు అష్టమి లేదు, పున్నం లేదు, దానికి ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు గుమ్మంలోకి వస్తంది" అంది సముద్రాన్ని చూపిస్తూ. వాళ్ళ మావగారి ఇల్లు ఎక్కడుండేదో చేత్తో చూపించింది, అక్కడ అలలున్నాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం 61 రోజులు ఎటూ ఖాళీ, మిగతా నెలల్లో అల్పపీడనాలు వస్తే బోటు తియ్యొద్దంటారు, తీసిన రోజు చేప కోసం ఇంకా లోపలికి వెళ్ళాలి, డీజిల్ ఖర్చు. అక్టోబర్లో ఎండబెట్టిన చేపంతా వానకి పురుగు పట్టి పారబోశారంట. పావు కేజీ ఎండు నెత్తళ్ళు 100 ఇచ్చి కొన్నాను, ఇంకో గుప్పెడు కొసరు వేసింది.

ఆ సాయంత్రం గట్టు మీద కూర్చుంటే నాకు ఒకటే ఆలోచన. ఈ డెల్టా మొత్తం గోదావరి మోసుకొచ్చిన ఒండ్రుతో తయారైన నేల. ఆంధ్రా యూనివర్సిటీ పరిశోధకులు కట్టిన లెక్క ఒకటి చదివాను, 1970ల్లో నది ఏటా 15 కోట్ల టన్నుల ఒండ్రు కిందకి తెచ్చేది, 1990లు ముగిసేసరికి అది 6 కోట్ల టన్నుల లోపుకి పడిపోయింది. మిగతాది పైన ఆనకట్టల వెనక కూర్చుంది, వాటిల్లో మా శ్రీరాంసాగర్ ఒకటి. ఆ ప్రాజెక్టు నీళ్ళతోనే మా నాన్న వరి పండించి నన్ను చదివించాడు. ఇటు చూస్తే హిందూ మహాసముద్రం ఈ వైపున ఏడాదికి 3 మిల్లీమీటర్ల పైచిలుకు పెరుగుతోంది. నేల పెరగడం మానేసింది, నీరు పెరగడం మానలేదు. మా పొలం పచ్చగా ఉండటానికీ ఆవిడ మావగారి ఇల్లు మునగడానికీ మధ్య ఇదే నది ఉందని తెలిశాక, ఆ ఎండు చేపల పొట్లం చేతిలో బరువుగా అనిపించింది.

నవంబర్ 18, మంగళవారం: కాట్రేనికోన, యానాం, కోరంగి

పల్లం వెళ్దామని కాట్రేనికోన దగ్గర దారి తప్పాం. ఎవర్ని అడిగినా "ఎదరకెళ్ళి ఎడం పక్క తిరగండి" అంటారు, ఎదర అంటే ఎంత దూరమో చెప్పరు. తిరిగి తిరిగి రొయ్యల చెరువుల మధ్య సన్నటి గట్టు మీద తేలాం, అటూ ఇటూ ఏరేటర్లు నురగలు కక్కుతూ, రోడ్డు అక్కడితో సరి. చెరువు కాపలా కుర్రాడు వచ్చి దారి చెప్పాడు. అతని నాన్న ఈ చోటే వరి చేసేవాడంట. ఉప్పెక్కిన చేను చెరువుకి ఇచ్చేశారు, చెరువు నీళ్ళు ఊరి పక్క చేలోకి ఊరుతున్నాయి, ఆ చేనూ రేపు చెరువే. "ఒకడు ఇస్తే పక్కోడు ఇవ్వక తప్పదండి" అన్నాడు. రొయ్య వల్ల ఇల్లు కట్టుకున్నవాళ్ళు ఉన్నారు, కాదనను. కానీ తాగే నీళ్ళు టిన్నులు కొనుక్కోవాల్సి వచ్చిన ఊరు గోదారి డెల్టాలో ఉండటం నాకు మింగుడు పడలేదు. టిన్ను 20 రూపాయలు.

పల్లం వదిలేసి ఎదుర్లంక వంతెన మీంచి యానాం వెళ్ళాం. అక్కడ చీరమేను అమ్ముతున్నారు. తూర్పు గాలి మొదలయ్యాక, వరద తగ్గిన గౌతమి పాయలోకి పోటుతో వచ్చే చేపపిల్లలు, సన్నగా సేమ్యా ముక్కల్లా ఉంటాయి. వల కళ్ళలోంచి జారిపోతాయని చీర గుడ్డతో పడతారు, పేరు కూడా అందుకే అంటారు. కేజీలు కాదు, గ్లాసు, సేరు, బకెట్ కొలతలు. టీ గ్లాసుడు 150 పెట్టి తీసుకుని పక్క హోటల్లో ఇస్తే చింతకాయ వేసి వండిపెట్టారు. నోట్లో వేసుకుంటే నమలక్కర్లేదు. అమ్మే ఆవిడ ఒకప్పుడు దసరా తర్వాత నెలన్నర బకెట్ల కొద్దీ అమ్మేదంట, ఇప్పుడు ఏ వారం వస్తుందో, ఎన్ని రోజులుంటుందో తెలియడం లేదంట. పులస కూడా అంతే. పుస్తెలమ్మి అయినా పులస తినాలి అన్న ఊళ్ళో పులస చూసి ఎన్నాళ్ళైందో లెక్కపెట్టుకుంటున్నారు.

సాయంత్రానికి కోరంగి. చెక్క బాట మీద మడ అడవిలోకి నడిచాం. పాటు సమయం, బురదలోంచి వేళ్ళు పెన్సిళ్ళు గుచ్చినట్టు పైకి లేచి ఉన్నాయి, వాటితోనే తెల్లమడ ఊపిరి తీసుకుంటుంది. ఈ ఊరు ఒకప్పుడు ఓడలు కట్టిన పెద్ద రేవు. 1789లో ఒక ఉప్పెన, 1839లో ఇంకొకటి, ఆ దెబ్బతో రేవు ఎత్తిపోయింది. మొంథా రాత్రి ఈ మడ వెనకున్న ఊళ్ళలో అల తగ్గి వచ్చిందని బోటు నడిపే ఆయన చెప్పాడు. ఆయన మండపీతలు పట్టే మనిషే, సీజన్లో మాలాంటివాళ్ళని బోటులో తిప్పుతాడు. పీత కన్నం ఎక్కడుందో బురద మీద గీతని బట్టి చెప్పేవాడు వాళ్ళ నాన్న, తను కూడా చెప్పగలడు. కొడుకుకి నేర్పారా అంటే, "వాడు హైదరాబాదులో డెలివరీ చేస్తున్నాడండి" అన్నాడు. మాట మార్చి ఎగిరిపోతున్న కొంగల్ని చూపించాడు.

ఇంటికొచ్చాక

ఎండు నెత్తళ్ళు మా అమ్మ టమాటా వేసి వండింది, ఇల్లంతా వాసన. అక్కడి నీళ్ళు ఎట్ల ఉన్నయిరా అని అడిగింది. పైన తియ్యగా, చివర ఉప్పగా ఉన్నాయని, ఎక్కడ మారుతున్నాయో అక్కడి మనుషులు రోజూ వేలు ముంచి చూస్తున్నారని చెప్పాను. శ్రీరాంసాగర్ ఒండ్రు సంగతి కూడా చెప్పా. నాన్న ఏమీ అనలేదు, చాలాసేపు చేను వైపు చూస్తూ కూర్చున్నాడు.

నిన్న రాత్రి బాబాయిగారు ఫోన్ చేశారు. మొదటిసారి తేమ 19 వచ్చిందని లోడు వెనక్కి పంపారట, మళ్ళీ రెండు రోజులు రోడ్డు మీద ఆరబోసి, నిన్న సాయంత్రానికి లారీ ఎక్కించారట. ఎకరానికి 17 బస్తాలే అయ్యాయి. బంగాళాఖాతంలో ఇంకో అల్పపీడనం అంటున్నారు, పక్క చేలు ఇంకా కోతకి ఉన్నాయి. అందుకే బరకాలు మడిచి అటక మీద పెట్టలేదట, అరుగు మీదే ఉంచారట, ఎవరికి అవసరమైతే వాళ్ళు తీసుకెళ్తారని.